రెండంగుళాల నీళ్ల కోసం ఒక బహిరంగ లేఖ

ఇళ్లు కట్టే బిల్డర్లకు, పైపులు వేసే ప్లంబింగ్ కాంట్రాక్టర్లకు, కట్టిన ఇంటికి ‘అంతా సరిగ్గా ఉంది’ అని సంతకం పెట్టే ఇంజినీర్లకు, అధికారులకు

నమస్కారం.

మీ పనిలో కష్టం మాకు తెలియనిది కాదు. వాడిన నీళ్లు కంటికి కనబడకుండా ఇంట్లోంచి పోతున్నాయంటే అది మీ చలవే. ఆ మాట చెప్పుకుని నేరుగా విషయానికి వస్తాను.

మా ఇంట్లోకి మురుగు కంపు వస్తోంది. ఎనిమిది నెలలుగా వస్తోంది. నాలుగంతస్తుల భవనంలో మాది మూడో అంతస్తు. చేరిన రెండో వారంలోనే బాత్రూమ్‌లో కుళ్లిన గుడ్ల వాసన మొదలైంది. పగలు కాస్త తక్కువ, తెల్లవారుజామున భరించలేం. పైవాళ్లు ఫ్లష్ నొక్కినప్పుడల్లా మా బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే జాలిలోంచి గుడగుడమని చప్పుడు, కాసేపటికి కంపు. ఆ చప్పుడు గురించి చెబితే ‘పైపు అన్నాక చప్పుడు చేయదా’ అని నవ్వారు.

ఎవరెవరికి చెప్పామో వరుసగా రాస్తున్నాను. రేపు ‘మా దాకా రాలేదు’ అనే మాట వినాలని లేదు. మొదట ఇల్లు కట్టినవారి సూపర్‌వైజర్‌కు చెప్పాం. ‘ఫినాయిల్ వేసి బాగా కడగండి మేడమ్’ అన్నారు. కడిగాం. రెండోసారి ఒక కుర్రాణ్ని పంపారు. అతను జాలి తీసి ఒక సీసా యాసిడ్ పోసి, పది నిమిషాలు ఫోన్ చూసుకుని వెళ్లిపోయాడు. మూడోసారి వచ్చినవాళ్లు జాలి చుట్టూ, కమోడ్ చుట్టూ సిలికాన్ పూశారు. నాలుగోసారి మురుగు లైన్లు చూసే ఆఫీసుకు అర్జీ పెట్టాం. గోడ లోపలి పైపు తమది కాదనీ, బిల్డర్‌ను అడగమనీ చెప్పారు. బిల్డర్‌ను అడిగితే కంపు పుట్టేది బయటి మెయిన్ లైన్‌లో కాబట్టి ఆఫీసుకే వెళ్లమన్నారు. ఆ తర్వాత ఇద్దరికీ కలిపి మూడు ఉత్తరాలు రాశాం. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈ నాలుగో ఉత్తరం అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

చివరికి మా బంధువుల్లో ఒక పెద్దాయన చూడ్డానికి వచ్చారు. ఆయన జీవితమంతా ప్లంబింగ్ పనే చేసి, మోకాళ్ల నొప్పులతో మానేశారు. ఆయన యాసిడ్ అడగలేదు, సుత్తి అడగలేదు. జాలి తీసి టార్చ్ వేసి చూశారు. ఒక చెంబు నీళ్లు పోసి, అవి నిలిచేదాకా ఆగి, పైవాళ్లను ఫ్లష్ నొక్కమన్నారు. మా కళ్లముందే ఆ నీళ్లు ఒక్క గుటకలో లోపలికి పోయాయి. తర్వాత మేడ మీదికి వెళ్లి చూస్తే, గాలి కోసం నిలబెట్టాల్సిన వెంట్ పైపు మోకాలెత్తులో కోసేసి ఉంది. దాని నోటి నిండా సిమెంటు. నీళ్ల ట్యాంకుకు దిమ్మ కట్టేటప్పుడు ఎవరికో అడ్డం వచ్చినట్టుంది. దిగి వచ్చి వాషింగ్ మెషిన్ దగ్గర చూశారు. ఆ నీళ్లు పోయే పైపుకు కంపును ఆపే వంపు, అంటే ట్రాప్ అనేదే పెట్టలేదు, నేరుగా మురుగు నిలువు పైపులో కలిపేశారు. వాష్ బేసిన్ కింద ముడతల పైపును గోడ రంధ్రంలో ఊరికే దూర్చి వదిలేశారు.

ఇదంతా తేలడానికి ఆయనకు పట్టింది అరగంట.

ఈ ఉత్తరం ప్లంబర్లు కానివాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఆయన మాకు చెప్పింది ఇక్కడ చెబుతాను. ఇంట్లో నీళ్లు పోయే ప్రతి రంధ్రం కిందా పైపు ఒక వంపు తిరగాలి. ఆ వంపులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉండాలి. నీళ్లు దిగిపోతాయి, గాలి మాత్రం పైకి రాలేదు. దాన్నే ట్రాప్ అంటారు. నిలిచే నీటి లోతు కనీసం రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు ఉండాలని చాలా దేశాల నిబంధనలు చెబుతాయి. ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన 1775లోనే లండన్‌లో ఇలాంటి వంపు ఉన్న టాయిలెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. రెండున్నర శతాబ్దాలుగా మురుగు కాలువకూ మన ముక్కుకూ మధ్య ఉన్న తలుపు ఆ రెండంగుళాల నీళ్లే.

ఆ తలుపు చాలా సున్నితమైనది. పైపులో గాలి పీడనం 200వ వంతు తగ్గితే చాలు, రెండంగుళాల నీళ్లు లాక్కుపోతాయి. పై అంతస్తు నుంచి నీళ్లు ఒక్కసారిగా పడుతున్నప్పుడు నిలువు పైపులో వాటి వెనక గాలి పలచబడుతుంది. మేడ మీద వెంట్ పైపు తెరిచి ఉంటే గాలి అక్కడి నుంచి వచ్చి ఆ లోటు పూడుస్తుంది. దాన్ని మూసేస్తే పైపు మా బాత్రూమ్ జాలిలోంచే గాలి పీల్చుకుంటుంది. ఆ పీల్పులో ట్రాప్ నీళ్లు పోతాయి. మేం విన్న గుడగుడ అదే. అట్టడుగు అంతస్తువాళ్లకు ఇది తిరగబడుతుంది: పడే నీళ్లు ముందున్న గాలిని నెడితే వాళ్ల జాలిలోంచి బుడగలు పైకి తన్నుకొస్తాయి. కింది ఇంటావిడను అడిగితే, తన కమోడ్‌లో నీళ్లు వాటంతటవే ఊగుతాయని ఆమె ఏడాదిగా చెబుతోందట. ఆమె మాటా ఎవరూ వినలేదు.

ఇక దీనివల్ల మామూలు మనుషుల మీద పడుతున్నదేమిటో చెబుతాను.

1. మొదట పడేది నింద. ఇంట్లో కంపు వస్తోందంటే ఇల్లు సరిగ్గా కడగడం లేదనే అనుకుంటారు. సూపర్‌వైజర్ అదే అన్నాడు, యాసిడ్ పోసిన కుర్రాడు అదే అన్నాడు, ఇంటికి వచ్చినవాళ్లు అనకపోయినా వాళ్ల మొహాల్లో కనిపించింది. ఆ మాట పడేది ఎక్కువగా ఆడవాళ్లే. నేను రోజుకు రెండుసార్లు బాత్రూమ్ కడిగిన రోజులున్నాయి. కడిగినకొద్దీ ట్రాప్‌లో నీళ్లు నిండి రెండు గంటలు వాసన తగ్గేది, పైవాళ్లు ఫ్లష్ నొక్కగానే మళ్లీ మొదలు. తగ్గిన ఆ రెండు గంటలు చూసి నాకే అనుమానం వచ్చేది, నిజంగానే నేను సరిగ్గా కడగడం లేదేమోనని. పైపు వేసినవాడి తప్పుకు ఎనిమిది నెలలు నేను సిగ్గుపడ్డాను. ఈ ఒక్క విషయంలో మీ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

2. తప్పు ఎక్కడుందో తెలియక జనం చేసే పనులు అసలు తప్పు కన్నా ప్రమాదం. ఒకరోజు యాసిడ్ పోస్తారు, తగ్గలేదని వెంటనే బ్లీచింగ్ పోస్తారు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ మూసి ఉన్న చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ‘ఏదైనా గట్టిది పోయండి’ అని సలహా ఇచ్చి పంపేవాళ్లకు ఇది తెలియాలి. కొందరు టైల్స్ పగలగొట్టిస్తారు, కమోడ్ మార్పిస్తారు. ఇంకొందరు జాలి కింద ఇంకో ట్రాప్ పెట్టిస్తారు. ఒకే దారిలో రెండు ట్రాప్‌లు ఉంటే మధ్యలో గాలి ఇరుక్కుని నీళ్లు దిగడం మందగిస్తుంది. ఖర్చయ్యాక కంపు ఉన్నచోటే ఉంటుంది, నీళ్లు నిలవడం అదనం.

3. ఆరోగ్యం. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పది లక్షల పాళ్ల గాలిలో అది ఒక పాలు కూడా లేకపోయినా ముక్కు పట్టేస్తుంది. ఇళ్లలోకి చేరే మోతాదు మామూలుగా తక్కువే. ఆ తక్కువకే తలనొప్పి, వికారం వస్తాయి, నిద్ర చెడుతుంది. పిల్లలు అన్నం దగ్గర కూర్చుని ముక్కు మూసుకుంటారు. కానీ అదే వాయువు మాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చిక్కగా ఉంటుంది. పది లక్షలకు 100 పాళ్ల దాకా చేరితే ముక్కు మొద్దుబారి వాసన తెలియడమే ఆగిపోతుంది, అందుకే లోపలికి దిగినవాళ్లకు ప్రమాదం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. మీథేన్‌కైతే అసలు వాసనే లేదు, అది అంటుకునే వాయువు. కాబట్టి కంపు రావడం ఒక రకంగా మేలే. దారి తెరుచుకుని ఉందని అది చెబుతోంది. వినాల్సినవాళ్లు వినాలి.

ఆ దారిలో వచ్చేది వాసన ఒక్కటే అనుకోకండి. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో 300 మందికి పైగా ఆ జబ్బు సోకింది. అక్కడి బాత్రూమ్‌ల జాలి కింద ట్రాప్‌లు ఎండిపోయి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. నేల మీద నీళ్లు పోసి కడగకుండా తుడిచి వదిలేయడంతో వాటిలోకి నీళ్లు పోలేదు. గాలి బయటికి పంపే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడల్లా గదిలో పీడనం తగ్గి, మురుగు పైపులోని తుంపరలు ఎండిన ట్రాప్ గుండా లోపలికి వచ్చాయని దర్యాప్తు చేసినవారు తేల్చారు. మేమూ కంపు పోవాలని రోజంతా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచేవాళ్లం. ట్రాప్ ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఎంత తిరిగితే మురుగు గాలిని అంతగా లోపలికి లాగుతుందని ఆ పెద్దాయన చెప్పేదాకా మాకు తెలియదు.

4. అద్దెకు ఉన్నవాళ్ల సంగతి మరీ ఘోరం. గోడ తాకే హక్కు వాళ్లకు లేదు, యజమాని రాడు. సామాను సర్దుకుని ఇంకో ఇంటికి పోతారు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ ఫినాయిల్‌తో మొదలుపెడతారు.

మా వైపు తప్పులూ ఉన్నాయి, దాచను. నీళ్లు త్వరగా దిగడం లేదని, వెంట్రుకలు చుట్టుకుంటున్నాయని చాలామంది జాలి కింద ఉండే గిన్నెలాంటి మూత తీసి పారేస్తారు. కొన్ని రకాల్లో ట్రాప్ అంటే ఆ మూతే, అది పోతే నీటి తలుపు పోయినట్టే. ట్రాప్‌లో చుట్టుకున్న వెంట్రుకల గుత్తి కూడా దీపం వత్తి నూనె పీల్చినట్టు కొంచెం కొంచెంగా నీళ్లను అవతలికి లాగేస్తుంది. వాడని బాత్రూమ్‌లో, వారాల తరబడి తాళం వేసిన ఇంట్లో ట్రాప్ ఎండిపోతుంది. అలాంటి చోట వారానికోసారి అర లీటరు నీళ్లు పోస్తే సరిపోతుంది. ఊరెళ్లేవాళ్లు ఆ నీళ్ల మీద రెండు చెంచాల నూనె వేస్తే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. కంపు ఎక్కడి నుంచో తెలియకపోతే రాత్రి పడుకునే ముందు ప్రతి జాలి మీదా ప్లాస్టిక్ కవర్ పరిచి టేపు అంటించండి. పొద్దున్నే ఒక్కొక్కటే తీసి వాసన చూస్తే దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో ఇద్దరు దొరికారు.

నీళ్లు పోయగానే కంపు తగ్గి వారాల పాటు రాకపోతే అది ఎండిన ట్రాప్, మా పని. నీళ్లు పోసినా పూటలో తిరిగి వచ్చిందంటే అది పైపుల తప్పు, మీ పని. ఫిర్యాదు తీసుకునేవారు ఫోన్‌లోనే ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం తిప్పలు తప్పుతాయి.

ఇప్పుడు మా డిమాండ్లు.

1. టైల్స్ కప్పే ముందు ప్రతి ట్రాప్‌నూ ఫొటో తీయాలి, అందులో నీళ్లు ఎంత లోతున నిలుస్తున్నాయో కొలవాలి. పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో గీసిన బొమ్మతో పాటు ఆ వివరాలు ఇంటి తాళాలు ఇచ్చే రోజే మా చేతికి ఇవ్వాలి. టైల్స్ పడ్డాక నిజం చెప్పగలిగేది సుత్తి ఒక్కటే. ఆ స్థితికి మమ్మల్ని తేవద్దు.

2. పరీక్ష చేయకుండా సంతకం పెట్టకండి. పైపు కింది చివర బిగించి నీళ్లు నింపి మట్టం తగ్గుతుందో లేదో చూడటం మీకు తెలిసిన పనే. ట్రాప్‌లన్నీ నీళ్లతో నింపి పైపులోకి పొగ పంపే పరీక్ష కూడా ఉంది. ఎక్కడ అతుకు ఊడినా, ఎక్కడ ట్రాప్ లేకపోయినా ఆ గదిలో పొగ కనిపిస్తుంది. ఆ రెండూ కాకపోయినా, పై అంతస్తులో ఫ్లష్ నొక్కి కింది ట్రాప్‌లో నీళ్లు నిలుస్తున్నాయా అని చూడటానికి టార్చ్, ఇద్దరు మనుషులు చాలు. మా భవనంలో ఆ పాటి చూసి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

3. వెంట్ పైపు పై కప్పు దాటి, కిటికీలకు దూరంగా, పైన జాలీ టోపీతో తెరిచి ఉండాలి. దాన్ని కోసినా, మూసినా, సగంలో ఆపినా అది మొత్తం భవనానికి చేసిన నష్టంగా లెక్కగట్టి, చేసినవారి ఖర్చుతోనే బాగుచేయించాలి. వెంట్ అంటే దోమలు వచ్చే గొట్టం అనుకునేవాళ్లు మేస్త్రీల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్లకు చెప్పాల్సింది మీరు.

4. వాషింగ్ మెషిన్ పైపు, సింక్ పైపు, వాష్ బేసిన్ పైపు ట్రాప్ లేకుండా మురుగు లైన్‌లో కలపడం ఆపండి. ముడతల పైపును రంధ్రంలో దూర్చి వదిలేస్తే చుట్టూ ఉన్న సందులోంచి కంపు దర్జాగా వస్తుంది. ఆ సందుకు సరిపడే రబ్బరు బిగింపు చాలా చిన్న వస్తువు. దాన్ని మర్చిపోవడం ఎంత మామూలైపోయిందంటే, బిగించినవాణ్ని చూస్తే కొత్తగా అనిపిస్తుంది. ఏసీ నీళ్ల పైపును మాత్రం మురుగు పైపులో నేరుగా కలపనే వద్దు. ట్రాప్ పెట్టినా, ఏసీ ఆపేసిన నెలల్లో అందులోకి నీళ్లు రాక ఎండిపోతుంది, కంపు పడకగదిలోకే వస్తుంది.

5. కమోడ్ కదులుతోందని ఎవరైనా చెబితే చుట్టూ సిలికాన్ పూసి పోకండి. కమోడ్‌కూ పైపుకూ మధ్య ఉన్న సీల్ చెడిందేమో ఎత్తి చూడండి. పైన పూసిన సిలికాన్ లీకును దాచిపెడుతుంది, అంతే.

6. ఫిర్యాదు వస్తే ‘మాది కాదు’ అనే జవాబు ఇక చెల్లదు. గోడ లోపలి పైపు ఎవరిది, బయటి ఛాంబర్ ఎవరిది అనే గీత మీరూ మీరూ కూర్చుని గీసుకోండి. మా ముక్కుకు ఆ గీత కనబడదు. ఏ ఆఫీసుకు చెప్పినా 15 రోజుల్లో ఒక మనిషి వచ్చి చూసి, తప్పు ఎక్కడుందో, ఎవరు సరిచేయాలో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే మిగతాది మేం చూసుకుంటాం.

ప్లంబింగ్ పనివాళ్లకు విడిగా ఒక మాట. మీలో చాలామందికి ఈ సంగతులు తెలుసు. పని తొందర, పై కాంట్రాక్టర్ ఇచ్చే చవక సామాను, ‘ట్రాప్ ఎందుకు, ఎల్బో (నీళ్లు నిలవని మామూలు మలుపు ముక్క) వేసెయ్’ అనే హుకుం మధ్య మీరు నలుగుతున్నారని ఆ పెద్దాయన చెప్పారు. నేను నమ్ముతున్నాను. కానీ ‘ఇక్కడ ట్రాప్ లేకపోతే కంపు వస్తుంది’ అని నోటితో చెప్పగలిగే మనిషి ఆ సమయానికి అక్కడ మీరొక్కరే. ఆ మాట అక్కడ అనకపోతే, తర్వాత మా దగ్గరికి వచ్చి యాసిడ్ పోయాల్సిందీ మీరే అవుతుంది.

మా భవనంలో ఇప్పటికీ ఏదీ సరిచేయలేదు. వెంట్ పైపు నోట్లో సిమెంటు అలాగే ఉంది, దాని ఫొటో ఈ ఉత్తరంతో పాటు మీ ఇద్దరి ఆఫీసులకూ పంపాను. మా బాత్రూమ్ జాలి మీద ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించి, దాని మీద ఇటుక పెట్టాం. స్నానానికి వెళ్లినప్పుడు తీసి, అయ్యాక మళ్లీ పెడుతున్నాం. మీరు వచ్చి చూసేటప్పుడు ఆ ఇటుక నేనే తీస్తాను. ఫ్లష్ నొక్కడానికి పైవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
మూడో అంతస్తులో ఉండే ఒక ఇల్లాలు